అందరి ముందర చదివే ఉత్తరం

హైదరాబాద్,
8 సెప్టెంబర్ 2011

అక్కా,

మంచిగున్నవా? బావ ఎట్లున్నడు? ముందు ముచ్చట చెప్తా, కూసో. నేను సెలెక్ట్ అయిన. అసద్ గూడ అయిండు! లోపలికి పోయేది పది మంది, అండ్ల ఇద్దరం మన మెదక్ పోరగాండ్లమే.

ప్రోగ్రాం పేరు 'తోట బంగ్లా'. ఊరవతల ఒక బంగ్లాల పెట్టి తాళం ఏస్తరు. అంతట కెమెరాలే. రోజు రాత్రి టీవీల ఏస్తరు. వారానికి ఒకసారి ఒక్కొక్కరం ఒక పేరు చెప్పాలె. ఎక్కువ పేర్లొచ్చిన ఇద్దరు పోయి బయట బెంచి మీద కూసుంటరు. చూసేటోళ్లు ఫోన్ల మెసేజ్ కొట్టి ఎవరు ఉండాల్నో చెప్తరు. తక్కువొచ్చినోడు బట్టలు సదురుకొని ఇంటికి. గంతే ఆట.

ఇగ అసలు సంగతి. ఒక్క ఊరు, ఒక్క గల్లీ అన్నది దాగదు, దోస్తులమని గూడ తెలిస్తె మొదటి వారమే మమ్ముల ఇరగ్గొడ్తరు. అందుకే అసద్, నేను ఒక మాట అనుకున్నం. లోపల పోయినంక మాకు పడదు. పొద్దున లేస్తె కొట్లాట. వాడు ఒక గుంపుల చేరుతడు, నేను ఇంకో గుంపుల. వాళ్ల ముచ్చట నాకు, వీళ్ల ముచ్చట వానికి. ఆఖరికి ఇద్దరమే మిగులుతం. అప్పుడు చెప్తం అందరికి.

అసద్ ఒక్క షరతు పెట్టిండు. "నన్ను ఏమన్న అను బే, ఇంటి మాట తియ్యొద్దు. అమ్మీ పేరు నీ నోట్ల రావొద్దు, అక్క పేరు నా నోట్ల రాదు" అన్నడు. చేతిల చెయ్యేసిన.

నువ్వు టీవీల చూసి పరేషాన్ కావొద్దని చెప్తున్న. వాళ్లమ్మ అజ్మత్ బీకి మాత్రం చెప్పకు. ఆమె కడుపుల మాట దాగది, తెల్లారేసరికి బస్టాండు దాంక పోతది.

ఫోన్లు గుంజుకున్నరు. ఇది హోటల్ ముంగట పోస్టు డబ్బాల ఏస్తున్న. లోపలికి పోయినంక వారానికి ఒక్క ఉత్తరమే. నేను రాసింది ఆఫీసోళ్లు చదివినంకనే నీకొస్తది. నువ్వు రాసింది నేను హాల్ల నిలబడి అందరి ముందల చదవాలె. గది రూలు. గందుకే ఏమన్న చెప్పేదుంటె ఇప్పుడే హోటల్‌కు రాయి.

తొమ్మిదిల బడి ఇడిసినంక పంచర్ దుకాణం, కేబుల్ పని, ఫ్లెక్సీల షాపు, ఏదీ నిలవలేదని నువ్వే అంటవు గద. ఇది నిలవాలె అక్కా. నన్ను ఆఖరి దాంక చూడాలె నువ్వు.

నీ తమ్ముడు
గాబ్రియేలు

*

మెదక్,
11 సెప్టెంబర్ 2011

తమ్ముడు గాబ్రియేలుకు అక్క ఎలిశిబా వందనాలు, దీవెనలు.

నీ ఉత్తరం చదివి సంతోషించాను, వెంటనే భయపడ్డాను. మీరిద్దరూ సెలెక్ట్ అయిన సంగతి తెలిసి అజ్మత్ బీ సేమ్యాలు చేసి గల్లీ అంతా పంచింది. "నా కొడుకు పోతే నాకు రంది లేదు బేటీ, నీ తమ్ముడు పక్కన ఉన్నడు గద" అన్నది. ఆ మాట విని నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. నాకు అబద్ధం చెప్పడం రాదని నీకు తెలుసు. ఇక ఆమె నీ గురించి అడిగినప్పుడల్లా వంటింట్లోకే పోవాలి. రెండు నెలలు ఇలా పోతే నా వంట బాగుపడుతుందేమో.

ఇక్కడ ఎల్లుండి నుంచి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. మీ బావ డిపోలో కండక్టర్లంతా దిగుతామంటున్నారు. బస్సులు ఆగితే ఉత్తరాలు ఎలా వస్తాయో తెలియదు. మా బడి కూడా మూస్తారు. అంటే నిన్ను చూస్తూ కూర్చోవడమే నా పని.

అసద్ పెట్టిన షరతు మంచిది. దాన్ని గట్టిగా పట్టుకో. కొట్లాట నటించడం మొదలుపెట్టడం సులువు తమ్మీ. ఎక్కడ ఆపాలో ఇద్దరికీ ఒకేసారి తెలియాలి కదా, అదే నా భయం.

వేళకు తిను. దుప్పటి నిండా కప్పుకుని పడుకో, కెమెరాలున్నాయి.

నీ మేలు కోరే
అక్క

*

తోట బంగ్లా,
20 సెప్టెంబర్ 2011

అక్కా,

మంచిగున్న. ఈ ఉత్తరం ముందుగాల ఆఫీసు సార్లు చదువుతరు. సార్లూ, నమస్తే, చదువుండ్రి.

ఇక్కడ తిండికి కొదవ లేదు గని మనమే వండుకోవాలె. కరీంనగర్ సైడు నుంచి శ్రీనివాస్ అన్న ఉన్నడు. జిమ్ము బాడీ, మాట మాత్రం మెత్తగ. వచ్చిన రోజే నా భుజం మీద చెయ్యేసి, "మనం మనం ఒక్కటి తమ్మీ, బయట కొట్లాట నడుస్తుంది, లోపల గూడ మనోళ్లే గెలవాలె, అటు ఆంధ్రోళ్లను ఒక్కొక్కర్ని పంపుదాం" అన్నడు. గా మాట అన్న శ్రీనివాస్ అన్ననే మొదటి వారం వరంగల్ పోరన్ని పంపిచ్చిండు. మనోడే. అడిగితె, "వాడు బలమున్నోడు తమ్మీ" అన్నడు. నాకు నవ్వొచ్చింది, కొంచెం భయం గూడ అయింది.

గుంటూరు నుంచి స్నేహలత అని ఒకామె ఉన్నది. ఏదున్నా ముఖం మీదనే అంటది. ఆమె గుంపుల చేరిండు అసద్.

అసద్ సంగతి చెప్పకు. వాని ముఖం చూస్తె నా ఒళ్లు మండుతుంది. మొన్న నేను ఒండిన అన్నం మీద నీళ్లు పోసిండు, "గిది మనుషులు తింటరా బే" అని. కాలర్ పట్టుకున్న. స్నేహలత మధ్యల దూరకుంటె పండ్లు రాలేటియి. గింత బద్మాష్ అని తెలిస్తె వాంతోని బస్సెక్కకపోదును.

నువ్వు చూసే ఉంటవు. నా సంగతి నీకు ఎరుకే గద. మన గల్లీల ఏమంటుండ్రు? రాయి.

గాబ్రియేలు

*

మెదక్,
26 సెప్టెంబర్ 2011

తమ్ముడు గాబ్రియేలుకు వందనాలు. ఈ ఉత్తరం వింటున్న మీ అందరికీ కూడా.

బస్సుల్లేవు, నీ ఉత్తరం టీవీ ఆఫీసు మనిషే బండి మీద తెచ్చి ఇచ్చాడు. బొగ్గు గనుల్లో కూడా సమ్మె కాబట్టి కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. చౌరస్తాలో రఘుపతి తన టీ హోటల్లో జనరేటర్ పెట్టాడు. రాత్రయితే గల్లీ అంతా అక్కడే. మొదట్లో అందరూ కలిసి చూసేవాళ్లు. నువ్వు అసద్ కాలర్ పట్టుకున్న రోజు నుంచి మన చర్చి వెనక వాళ్లు ఒక బల్ల, అసద్ వాళ్ల చుట్టాలు ఒక బల్ల. రఘుపతి మధ్యలో టీ గ్లాసులు పట్టుకుని, "నాయనా, తెలంగాణ వచ్చేదాంక ఆగుండ్రి, అటెన్క మెదక్‌ను రెండు చేసుకుందురు" అని బతిమాలుతున్నాడు.

ఒక సంగతి. మన రెండిళ్ల మధ్య గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగి రాలేదు. ఏదీ లేకపోతే గుప్పెడు చక్కెరైనా వేసి పంపేది అజ్మత్ బీ. మొన్న నేను గారెలు పంపాను. గిన్నె కడిగి, మన అరుగు మీద బోర్లించి వెళ్లిపోయింది. తెల్లవారి బోరింగు దగ్గర నన్ను ఆపి, "నా కొడుకు ఏం తప్పు జేసిండని నీ తమ్ముడు గట్ల మీదికి పోయిండు బేటీ?" అన్నది. కోపంగా కూడా అనలేదు. నేను బిందె నిండకముందే ఇంటికి వచ్చేశాను.

కొంచెం తగ్గించండి ఇద్దరూ. చూసేవాళ్లు ఇక్కడ మనుషులు.

అక్క

*

తోట బంగ్లా,
1 అక్టోబర్ 2011

అక్కా,

నీ ఉత్తరం హాల్ల చదివిన. గిన్నె బోర్లిచ్చిన కాడ స్నేహలత కండ్లు తుడుచుకున్నది. అబ్బ, ఏం రాసినవ్ అక్కా! నువ్వు ఇక్కడికి రావాల్సింది, నేను గాదు. గట్లనే రాస్తుండు.

మా నాటకం ఆఫీసు సార్లు పసిగట్టిండ్రు, లోపలోళ్లకు చెప్పం అన్నరు, గందుకే దాయకుండ రాస్తున్న. ఈ వారం మస్తు గరమ్ నడిచింది. శ్రీనివాస్ అన్నకు నా మీద అనుమానం వచ్చింది. బట్టలు ఆరేసే కాడ నేను, అసద్ ఒకర్నొకరం చూసి నవ్వుకున్నమట. నన్ను పక్కకు పిలిచి, "నువ్వు, వాడు నిజంగ దుష్మన్లేనా? అయితె అందరి ముందల ఒక్క మాట అను, వాడు ఇగ నీతోని జన్మల కలవనంత మాట. లేకుంటె రేపు నీ పేరే చెప్తం" అన్నడు.

అంతట మైకులే. అసద్‌కు సైగ జేసే సందు లేదు. బువ్వ కాడ కూసున్నం, ఆ రోజు వంట అసద్‌ది. ఏం అనాల్నో తోస్తలేదు. వాని వంటను తిట్టిన, వాని చదువును తిట్టిన, శ్రీనివాస్ అన్న ముఖం మారుతలేదు. వాళ్లోళ్లల్ల ఎవరన్న పోతె కడిగేది అజ్మత్ బీ గద, ఇగ గదే నోట్లెకెళ్లి వచ్చేసింది. "పీనుగలు కడిగే చేతుల బువ్వ తిని పెరిగినోడివి. నీ చెయ్యి తాకిన అన్నం ఎవడు తింటడు?" అన్న. కంచం నూకేసిన.

అసద్ లేసి, ఆ కిందపడ్డ అన్నం ఎత్తి, నేల తుడిచి పోయి పండుకున్నడు. మంచిగ జేసిండు, నాకన్న మంచిగ.

నా పేరు రాలే. శ్రీనివాస్ అన్న అందరి ముందల నన్ను దగ్గరికి తీసుకున్నడు. ఏడుగురం మిగిలినం. ఇంకో రెండు వారాలు గట్టిగ పట్టుకుంటె ఆఖరి దాంక ఉంట. నువ్వు ఖుషీనే గద?

గాబ్రియేలు

*

మెదక్,
5 అక్టోబర్ 2011

గాబ్రియేలూ,

ఈ ఉత్తరం నువ్వు నిలబడి అందరి ముందర చదవాలని నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను. ఆఫీసు వాళ్లు దీన్ని ఆపరు, ఇలాంటివే వాళ్లకు కావాలి. మధ్యలో ఆపకుండా చదువు.

మొదట, క్రితం ఉత్తరంలో నేను రాసిందంతా నిజం. నేను నటించలేదు. గిన్నె నిజంగానే ఖాళీగా వచ్చింది. అది విని నువ్వు నన్ను మెచ్చుకున్నావు చూడు, అప్పుడే అర్థమైంది, నీకు ఇప్పుడు ఏది ఆటో ఏది కాదో తెలియడం లేదని.

అసద్, నువ్వు శత్రువులు కారు. ఒక్క కంచంలో తిని పెరిగారు. గెలవడానికి కొట్లాడినట్టు చేద్దామని చేతిలో చెయ్యి వేసుకున్నారు. ఇంటి మాట తీయకూడదు అన్నది ఒక్కటే షరతు. అందరూ విన్నారు కదా. ఇక దాచేది లేదు.

ఇప్పుడు అమ్మ సంగతి.

అమ్మ పోయినప్పుడు నీకు తొమ్మిదేళ్లు. నిన్ను రఘుపతి వాళ్ల ఇంట్లో పడుకోబెట్టాము, నీకేమీ తెలియదు. అమ్మది ఊపిరితిత్తుల జబ్బు. దవాఖానా నుంచి ఇంటికి తెచ్చాక ఆడవాళ్లు వచ్చారు, వాకిట్లోనే నిలబడ్డారు. అంటుకుంటుందని భయం. అల్లాదుర్గ్ నుంచి పెద్దమ్మలు రావాలి, వాగు పొంగి బస్సులు నడవలేదు. నాన్న అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. లోపల అమ్మ దగ్గర నేనొక్కదాన్నే. నాకు ఏం చేయాలో తెలియదు.

అజ్మత్ బీ వచ్చింది. ఎవరూ పిలవలేదు. నీళ్లు కాచింది. అమ్మ మీద దుప్పటి కప్పి, ఆ దుప్పటి తీయకుండానే, కింద చెయ్యి పెట్టి కడిగింది. కూతుర్ని, నాకు కూడా అమ్మ ఒళ్లు కనపడనివ్వలేదు. నీళ్లు నేను పోశాను. తల దువ్వింది, జడ వేసింది. పసిపిల్లను ముస్తాబు చేసినట్టు అమ్మతో మెల్లగా మాట్లాడుతూనే ఉన్నది. అంతా అయ్యాక వాళ్ల ఇంటికి కూడా పోకుండా మన పొయ్యి మీదే నాకింత అన్నం వండి పెట్టింది. ఆ చేతులతోనే. తెల్లారి ఆ గిన్నెలోదే నువ్వూ తిన్నావు.

"కడిగినోళ్లు చెప్పుకోవద్దు బేటీ, నువ్వు గూడ ఎవ్వరికి చెప్పకు. అల్లా చూసిండు, చాలు" అన్నది. చివరికి కన్నకొడుకుకు కూడా ఆమె చెప్పలేదు. ఆమె వాళ్ల జనంలో ఎంతమందికి ఆ పని చేసిందో నాకు తెలియదు, ఒక్కరి దగ్గర కూడా ఏమీ పుచ్చుకోదని తెలుసు. ఈ రోజు ఆమెను అడగకుండానే ఆమె మాట దాటాను. దానికి నేనే ఆమె ముందు నిలబడతాను.

నువ్వు ఆ మాట అన్న రాత్రి ఆమె రఘుపతి హోటల్లోనే ఉన్నది, ముందు బెంచీ మీద. అందరూ ఆమె వైపే చూశారు. కొంగు సర్దుకుని లేచి వెళ్లిపోయింది.

ఖుషీగా ఉన్నావా అని అడిగావు. లేను.

ఎలిశిబా

*

తోట బంగ్లా,
11 అక్టోబర్ 2011

అక్కా,

చదివిన. ఆపకుండనే చదివిన. 'నీళ్లు నేను పోశాను' అన్న లైను రెండుసార్లు చదివిన. కెమెరా ఇంత దగ్గరికి వచ్చింది. కాగితం మడిచి కూసున్న.

శ్రీనివాస్ అన్నకు లెక్క దొరికింది. వాని కండ్లల్ల కనపడ్డది, వీళ్లిద్దరు ఒక్కటేనని.

అసద్ నా కాడికొచ్చిండు. "నీళ్లు పోసింది అక్కనా?" అన్నడు. "అవునట" అన్న. అప్పటి సంది నాతోని మాట లేదు. తిట్టు గూడ లేదు.

తప్పయిందని చెప్దామని ఎన్నిసార్లు లేసిన్నో. చెప్పుడెట్ల అక్కా? మైకు మెడలనే ఉన్నది. కెమెరా ముందల కాళ్లు పట్టుకుంటె, ఇది గూడ ఆటనే అనుకుంటడు. అనుకోవాలె గూడ. మొన్నటి దాంక నేను అన్ని గట్లనే జేసిన. నా నోటికెళ్లి ఇప్పుడు నిజం వచ్చినా చెల్లదు.

పేర్లు చెప్పే రోజు ముందుగాల శ్రీనివాస్ అన్న వచ్చి, "అయిందేదో అయింది తమ్మీ. అసద్ పేరు చెప్పు, నిన్ను ఫైనల్ దాంక నేను మోస్త. చెప్పకుంటె బెంచి మీద నువ్వే" అన్నడు. అబద్ధం చెప్పను అక్కా, జర సేపు ఆలోచన చేసిన. గంత దూరం వచ్చినంక ఆశ పోదు. లేసి నిలబడ్డంక నోట్లెకెళ్లి "శ్రీనివాస్" అని వచ్చింది. వాడు నవ్విండు.

అటెన్క అసద్ వంతు. నా దిక్కు సూటిగ చూసి, "గాబ్రియేలు" అన్నడు. కారణం చెప్పాలె, గది రూలు. "ఇంటికి పోవాలె వాడు" అన్నడు, గంతే. కోపంతోని అన్నడా, ఇంకెట్లనన్న అన్నడా, నాకు తెల్వలే. రాత్రి ఎంత ఆలోచించినా తెల్వలే.

బెంచి మీద స్నేహలత, నేను. ఈ శనివారం తేలుతది. మెసేజులు కొట్టమని అడుగుతలేను. వద్దని గూడ అంటలేను. ఉండాలని ఉన్నది, ముఖం చెల్లుతలేదు.

గాబ్రియేలు

*

తూప్రాన్,
16 అక్టోబర్ 2011

అక్కా,

టీవీల చూసే ఉంటవు, వచ్చేసిన. స్నేహలత ఉన్నది. పొయ్యేటప్పుడు ఆమె ఒక్కతే గేటు దాంక వచ్చింది. అసద్ కిటికీల నిలబడ్డడు. చెయ్యి ఊపలే, లోపలికి గూడ పోలే.

ఆఫీసోళ్లు కారుల తెచ్చి తూప్రాన్ల దింపిండ్రు. ముందల రోడ్డు మీద రాస్తారోకో, వంటావార్పు నడుస్తుంది, బండ్లు కదుల్తలేవు. నన్ను చూసి కొందరు గుర్తుపట్టిండ్రు. ఒక ముసలామె, "నువ్వు గా పోరనివి గాదు?" అన్నది. అవునన్న. నా చేతిల పులిహోర పెట్టింది గని, నా ముఖం దిక్కు చూడలే.

ఫోన్ వాపస్ ఇచ్చిండ్రు. నీ నంబర్ నొక్కి కట్ చేసిన. నువ్వు హలో అంటె నేను మాట్లాడలేను. గందుకే రాస్తున్న. మన చర్చి గల్లీ పరమేశ్ అన్న బండి మీద మెదక్ పోతుండు, చేన్ల అడ్డదారి ఎరుకట ఆయనకు. నన్ను ఎక్కు అన్నడు. నేనే ఎక్కలే. సాయంత్రం మళ్ల వస్తడట, నీ జవాబు ఆయనకియ్యి. అప్పుడు ఎక్కుత.

నాకు ఒక్కటే చెప్పు. గల్లీలకు వచ్చినంక ముందు ఎవరింటికి రావాలె? మన తలుపుకు ఆమె తలుపు ఎదురే. ఆమె వాకిట్ల కూసోని ఉంటె నేను తల దించుకొని మనింట్లకు పోవాల్నా, ఆమె ముందల నిలబడాల్నా? నిలబడితె ఏమనాలె? ఆమె దర్వాజ ఏసుకుంటె?

నువ్వు ఎట్లంటె గట్ల చేస్త.

గాబ్రియేలు

*

మెదక్,
16 అక్టోబర్ 2011

తమ్మీ,

పరమేశ్ వాకిట్లో బండి ఇంజన్ ఆపకుండా నిలబడ్డాడు, త్వరగా రాస్తున్నాను.

ముందు ఇది తెలుసుకో. నీకు మెసేజులు ఊరికే తక్కువ రాలేదు, మెదక్ నుంచి అసలు పోలేదు. శనివారం రఘుపతి హోటల్లో మనవాళ్లంతా ఫోన్లు చేతుల్లో పట్టుకుని కూర్చున్నారు. అజ్మత్ బీ వచ్చింది. నా ఉత్తరం టీవీలో విన్నప్పటి నుంచి ఆమె నాతో కూడా మాట్లాడలేదు. నేరుగా వచ్చి టీవీకి అడ్డం నిలబడి, "ఎవ్వరు మెసేజ్ కొట్టొద్దు. పోరగాన్ని ఇంటికి రానియ్యుండ్రి. వాడు టీవీల ఉంటె నేను వానితోని మాట్లాడేదెట్ల?" అన్నది. రెండు బల్లల వాళ్లూ ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు. నేను కూడా కొట్టలేదు. కోపముంటే ముందు నా మీద పడు.

ఏం మాట్లాడుతుందో నాకు తెలియదు. అడగలేదు. తిడుతుందో, కొడుతుందో, ఊరికే చూస్తుందో. నీకు మాటలు నేను రాసివ్వను. రాసిస్తే అది మళ్లీ ఆటే అవుతుంది.

నువ్వు అడిగినదానికి జవాబు. నేను మీ బావతో డిపో ముందు దీక్ష దగ్గరికి పోతున్నాను, చీకటి పడేదాకా రాను. మన ఇంటికి తాళం వేశాను. తాళంచెవి అజ్మత్ బీకి ఇచ్చాను. ఎందుకని అడగకుండా తీసుకుని కొంగుకు ముడి వేసుకుంది.

వచ్చి, అడిగి తీసుకో.

అక్క